సంతకం మీది, సలహా ఎవరిది?

ప్రశ్న: నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. 11 ఏళ్ళుగా చెన్నైలో, అంబత్తూరులో ఉంటున్నాం. మావారు ఇక్కడి ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు, నేను గిండీలో ఒక సంస్థలో అకౌంట్సు చూస్తాను. నిరుడు వడపళని దగ్గర ఉన్న ఒక కన్సల్టెన్సీలో కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం ఫైలు పెట్టాం. ఇప్పటికి 2,80,000 రూపాయలు కట్టాం. అందులో లక్ష ఒక వ్యక్తి ఖాతాకు బ్యాంకులో వేశాం, మిగిలింది నగదుగా ఇచ్చాం. రసీదులో "డాక్యుమెంటేషన్ సేవలు" అని మాత్రమే రాసి ఇచ్చారు. మా పాస్‌పోర్టులు, నా డిగ్రీ సర్టిఫికెట్లు వారి దగ్గరే ఉన్నాయి. నా పేరు మీద ఒక ఈమెయిలు తెరిచి అందులోంచే అన్నీ చేస్తున్నారు. పాస్‌వర్డు అడిగితే "మీరు ముట్టుకుంటే ఫైలు పాడవుతుంది" అంటున్నారు. పాప పుట్టినప్పుడు ఉద్యోగం మానేసినందువల్ల నాకు ఏడాదిన్నర అనుభవమే ఉంది. దాన్ని నాలుగేళ్ళుగా చూపించడానికి తమకు తెలిసిన కంపెనీ నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటరు తెస్తామని, కెనడాలో జాబ్ ఆఫర్ కూడా ఇప్పిస్తామని, దానికి రెండో విడతగా 3,20,000 కట్టమని అంటున్నారు. ప్రొఫైలు మాత్రమే పెట్టామని, ఇంకా పిలుపు రాలేదని చెప్పారు. అత్తగారు తన గాజులు కుదువ పెట్టమంటున్నారు. ఇలాంటి వారిని పట్టుకోవడానికి కెనడాలో గట్టి చట్టం ఉందని మావారు చదివారట. మరి ఆ చట్టం ఇక్కడ మమ్మల్ని కాపాడదా? రెండో విడత కట్టవచ్చా? - ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: అమ్మా, ముందుగా మీరు చివర అడిగినదానికి జవాబు చెబుతాను. రెండో విడత కట్టకండి. మీ అత్తగారి గాజులు ఇంట్లోనే ఉండనివ్వండి. ఆ ఎక్స్‌పీరియన్స్ లెటరు మీ ఫైలులోకి వెళ్ళకుండా ఈ వారంలోనే ఆపండి. ఎందుకు ఇంత ఖండితంగా చెబుతున్నానో, మీవారు చదివారని మీరు రాసిన చట్టం ఎక్కడివరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇప్పుడు కొంచెం వివరంగా రాస్తాను. ఇదే స్థితిలో ఉన్న కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయని నాకు వచ్చే ఉత్తరాల వల్ల తెలుసు.

మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించిన మాట ఒక్కటుంది. ప్రొఫైలు మాత్రమే పెట్టారు, పిలుపు ఇంకా రాలేదు అన్నారు. అది నిజమైతే మీరు ఇంకా గట్టు మీదే ఉన్నారు. కెనడా ప్రభుత్వం 2015 జనవరి నుంచి నడుపుతున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, ముందు అభ్యర్థి తన వయసు, చదువు, భాషా పరీక్ష మార్కులు, అనుభవం వంటి వివరాలతో ప్రొఫైలు పెట్టాలి. మార్కుల వరుసలో పైకి వచ్చినవారికి పిలుపు వస్తుంది. పిలుపు వచ్చిన 60 రోజుల్లో అసలు దరఖాస్తు, దానికి కావలసిన పత్రాలు, రుసుములు సమర్పించాలి. ప్రొఫైలు పెట్టడానికి కెనడా ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. దాని గడువు 12 నెలలు. కావాలంటే మధ్యలో సరిదిద్దవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. అంటే ఇప్పటివరకు కన్సల్టెన్సీ మీ కోసం చేసిన పనికి కెనడాలో కట్టవలసిన రుసుమంటూ ఏదీ లేదు. భాషా పరీక్షకు, డిగ్రీ విలువ కట్టించే ఈసీఏ నివేదికకు అయ్యే ఖర్చులు వేరు. అవి మీరే విడిగా కట్టి ఉంటారు.

ఇక మీవారు చదివిన చట్టం సంగతి. అది నిజంగానే ఉంది, గట్టిదే. కెనడా వలస, శరణార్థుల రక్షణ చట్టంలోని 91వ సెక్షను ప్రకారం, డబ్బు గానీ మరే ప్రతిఫలం గానీ తీసుకుని వలస దరఖాస్తు విషయంలో సలహా ఇచ్చేవారు, ప్రాతినిధ్యం వహించేవారు మూడు రకాలవారిలో ఒకరై ఉండాలి: అక్కడి రాష్ట్రాల లా సొసైటీలో సభ్యులైన న్యాయవాదులు లేదా పారాలీగల్‌లు; క్యుబెక్ నోటరీలు; లేదా అక్కడి ఇమ్మిగ్రేషన్, సిటిజన్‌షిప్ కన్సల్టెంట్ల కాలేజీ (చదువుల కాలేజీ కాదు, నియంత్రణ సంస్థ) లైసెన్సు ఇచ్చినవారు. ఈ మూడో రకం వారినే ఆర్‌సీఐసీ అంటారు. దరఖాస్తు వేయకముందు, ప్రొఫైలు పెట్టే దశలో ఇచ్చే సలహా కూడా ఈ సెక్షను కిందికే వస్తుంది. దీన్ని ఉల్లంఘించినవారికి తీవ్రమైన కేసుల్లో 2,00,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రతిఫలం లేకుండా సహాయం చేసే అన్న, పిన్ని కొడుకు, పక్కింటి లెక్చరరు గారు నేరస్థులు కారు. డబ్బు చేతులు మారినప్పుడే అర్హత ప్రశ్న వస్తుంది.

ఇంత కట్టుదిట్టమైన చట్టం మీ వడపళని ఆఫీసును ఎందుకు తాకదు? ఒక కారణం అందరికీ తోచేదే. కెనడా పోలీసులు చెన్నైకి వచ్చి ఎవరినీ పట్టుకోలేరు. రెండో కారణం ఇంతకన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. కెనడా అధికారుల దృష్టిలో మీ కన్సల్టెంటు అసలు లేడు. ఈమెయిలు మీ పేరు మీద ఉంది. ప్రొఫైలు మీ పేరు మీద ఉంది. డబ్బు తీసుకుని పనిచేసే ప్రతినిధి ఉంటే అతని పేరు, లైసెన్సు నంబరు చెప్పి ఐఎంఎం 5476 అనే ఫారం మీద అభ్యర్థి, ప్రతినిధి ఇద్దరూ సంతకం చేయాలి. మీ విషయంలో ఆ ఫారం నింపి ఉండరు. నింపితే ఆయన అర్హత ఏమిటో రాయవలసి వస్తుంది. అందుకని మీరే ఇంట్లో కూర్చుని అన్నీ స్వయంగా నింపుకున్నట్టు ఫైలు వెళుతుంది. కెనడాలో ఇలాంటివారిని దెయ్యం కన్సల్టెంట్లు అంటారు. పని అంతా వారిదే, ఫైలులో మాత్రం ఎక్కడా కనిపించరు.

కనిపించని మనిషి మీద చట్టం పనిచేయదు కాబట్టి అది కనిపించే మనిషి మీద పనిచేస్తుంది. అదే చట్టంలోని 40వ సెక్షను, ముఖ్యమైన విషయాన్ని ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ తప్పుగా చూపినవారికి, దాచినవారికి కెనడాలో ప్రవేశం లేకుండా 5 ఏళ్ళు నిషేధం విధిస్తుంది. ఈ గడువు 2014కు ముందు రెండేళ్ళే ఉండేది. "పరోక్షంగా" అన్న ఆ ఒక్క మాట మీద దయచేసి నిలబడి ఆలోచించండి. నాకు తెలియకుండా ఏజెంటు పెట్టాడు అన్న మాట అక్కడ మామూలుగా చెల్లదు. మీ పేరుతో వెళ్ళిన ఫైలులో ఏముందో చూసుకోవలసిన బాధ్యత మీదే అంటారు. ఆ 5 ఏళ్ళలో పీఆర్‌కు మళ్ళీ దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉండదు. మీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అనుభవం పెంచి చూపిస్తామన్నారని మీకు ముందే తెలుసు, మీరే నాకు రాశారు. తెలిసి ఊరుకున్నవారిని అమాయకులుగా చూడమని ఏ అధికారినీ అడగలేం. మీ మనసు నొప్పించాలని ఇది రాయడం లేదు. పాప కోసం ఉద్యోగం మానిన ఆ రెండున్నరేళ్ళు దాచుకోవలసిన లోపం కాదని మీరు నమ్మాలని రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం పెరంబూరు నుంచి ఒక పెద్దాయన కొడుకు ఫైలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అప్పటికే తిరస్కరణ ఉత్తరం వచ్చింది. ఎక్కడ తేడా వచ్చిందో తెలియక తండ్రీ కొడుకులు నెల రోజులుగా నిద్రపోలేదట. నేను ఫైలులో కాగితాలు ఒక్కొక్కటీ తిరగేశాను. అందులో ఒక ఎక్స్‌పీరియన్స్ లెటరు ఉంది. దళసరి కాగితం, పైన రంగుల లోగో, కింద గుండ్రని ముద్ర, మేనేజరు సంతకం. కంపెనీ చిరునామా చెన్నై. పిన్‌కోడు 500తో మొదలయింది. మన నగరంలో పోస్టుమ్యాను నుంచి పాలబ్బాయి వరకు ఎవరిని అడిగినా పిన్‌కోడు 600తో మొదలవుతుందని చెబుతారు, 500 హైదరాబాదుది. హైదరాబాదు ఫైలు కోసం తయారుచేసిన నమూనాలో ఊరు పేరు మార్చి, అంకెలు మార్చడం మరచిపోయారన్నమాట. తండ్రికి వేలుపెట్టి చూపిస్తే చాలాసేపు ఆ అంకెల మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇది మేము చదవనే లేదండీ, వారే పంపారు" అన్నారు. నిషేధం మాత్రం కొడుకు పేరు మీద పడింది. ఉత్తరం తయారుచేసినవారి పేరు ఆ ఫైలులో ఒక్క కాగితం మీద కూడా లేదు.

మన తెలుగువారికి ఈ పాఠం కొత్త కాదు. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మీద ఇమ్మిగ్రేషన్ అధికారుల దాడులు జరిగినప్పుడు అక్కడ పేర్లు నమోదైనవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్ళకు జాడ తెలిపే పట్టీలు కట్టిన దృశ్యాలు చూసి ఊళ్ళలో తల్లిదండ్రులు తల్లడిల్లారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అక్రమంగా ఉండిపోయేవారిని పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పెట్టిన బూటకపు సంస్థ అది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు, వారిలోనూ తెలుగువారే ఎక్కువ. దళారుల వరకు చట్టం చేరిందని ఆ ఎనిమిది కేసులను చూపి చెప్పుకోవచ్చు. కానీ అరెస్టయి, వెనక్కి పంపబడి, ఇంటి మీద తెచ్చిన అప్పుతో మిగిలిన విద్యార్థుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

ఇప్పుడు జాబ్ ఆఫర్ సంగతి. ఉద్యోగం చూపితే ర్యాంకింగులో మార్కులు కలుస్తాయని మీకు చెప్పి ఉంటారు. ఒకప్పుడు అది నిజం. ఉద్యోగాన్ని బట్టి 50 గానీ 200 గానీ అదనపు మార్కులు కలిసేవి. ఆ మార్కుల కోసం దొంగ ఆఫర్లు అమ్ముకునే వ్యాపారం పెరిగిపోవడంతో కెనడా ప్రభుత్వం 2025 మార్చి 25 నుంచి వాటిని ఎత్తివేసింది. మీకు 3,20,000 రూపాయలకు అమ్మజూపుతున్నది ఇప్పుడు లేని మార్కులు. పైగా ఒంటారియో రాష్ట్రంలో విదేశీ ఉద్యోగుల రక్షణకు 2009లో చేసిన చట్టం ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు ఉద్యోగి దగ్గర నియామకదారులు రుసుము వసూలు చేయకూడదు, అతని పాస్‌పోర్టు తమ దగ్గర ఉంచుకోకూడదు. చట్టం తెలిసిన సలహాదారు ఎవరూ చేయని రెండు పనులను మీ కన్సల్టెన్సీ మొదటి ఏడాదిలోనే చేసింది.

మరి మన దేశంలో చట్టం లేదా అంటే, ఉంది, కానీ మీ ఫైలు దాని కిందికి రాదు. చెన్నైకి ఈ విషయంలో పాత సంబంధమే ఉంది. 1860లో ట్రూరో అనే ఓడ ఈ మద్రాసు రేవు నుంచే కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు బయలుదేరింది. అందులో తెలుగువారూ ఉన్నారు. ఏమి రాసి ఉందో చదవలేని ఒప్పందాల మీద వేలిముద్రలు వేసి వెళ్ళిన ఆ తరాల అనుభవం నుంచే వలసదారుల సంరక్షకుడు అనే పదవి పుట్టింది. 1922లో ఒక చట్టం, దాని స్థానంలో గల్ఫు వలసలు పెరిగాక 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చాయి. దాని ప్రకారం విదేశాల్లో ఉద్యోగాలకు మనుషులను చేర్చుకునే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదు కావాలి. సాధారణ లైసెన్సుకు 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ఉద్యోగార్థి దగ్గర తీసుకునే సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. కడప నుంచి కువైట్‌కు వెళ్ళే ఇంటిపని మనిషికి కాగితం మీదనైనా ఈ రక్షణ ఉంది. ఈ చట్టం పట్టించుకున్నదల్లా ఉద్యోగ నియామకాన్నే. పీఆర్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ, విద్యార్థి వీసా కన్సల్టెన్సీ "మేము ఉద్యోగం ఇప్పించడం లేదు, సలహా మాత్రమే ఇస్తున్నాం" అని పక్కకు తప్పుకుంటాయి. మీ రసీదు మీద "డాక్యుమెంటేషన్ సేవలు" అని ఎందుకు రాశారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అయితే జాబ్ ఆఫర్ ఇప్పిస్తామని, దానికి 3,20,000 కట్టమని వారు రాతపూర్వకంగా అడిగి ఉంటే, అది వాట్సాప్ సందేశమైనా సరే, ఆ ఒక్క అడుగుతో వారు 1983 చట్టం పరిధిలోకి నడిచి వచ్చారని వాదించవచ్చు. ఆ సందేశాన్ని తుడిచేయకండి.

1983 చట్టం స్థానంలో తేవడానికి 2021లో కేంద్రం కొత్త ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. పంజాబ్ అంతకు చాలా ముందే, 2012లో, సొంతంగా ఒక రాష్ట్ర చట్టం చేసుకుంది. వీసా సలహాదారులు, ట్రావెల్ ఏజెంట్లు అక్కడ జిల్లా యంత్రాంగం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అలాంటి చట్టం తమిళనాడుకు, ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఒక్క లైసెన్సు బోర్డు తగిలించడంతో పని అయిపోతుందని మాత్రం అనుకోను. కెనడా అనుభవమే చూడండి. అక్కడ 2004 ప్రాంతంలో కన్సల్టెంట్ల కోసం మొదటి నియంత్రణ సంఘం ఏర్పడింది. అది సరిగా పనిచేయలేదని 2011లో దాన్ని తీసేసి మరొకటి పెట్టారు. దానికీ చాలినన్ని అధికారాలు లేవని, ప్రత్యేక చట్టం చేసి 2021 నవంబరులో ఇప్పటి కాలేజీని తెరిచారు. సాక్షులను పిలిపించే అధికారం, లైసెన్సు లేనివారిని ఆపమని కోర్టును కోరే అధికారం ఈ మూడో సంస్థకే వచ్చాయి. న్యూజిలాండ్ 2007లో చేసిన చట్టం మరో విధంగా ముందుకు వెళ్ళింది. విద్యార్థి వీసాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ దేశపు వలస సలహా ఇచ్చేవారు ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నా లైసెన్సు ఉండాలంటుంది. ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్ పద్ధతి ఏళ్ళుగా ఉన్నా, దేశం బయట పనిచేసే ఏజెంట్లకు అది తప్పనిసరి కాదు. ఆస్ట్రేలియా ఫైలు పెడతామనే ఆఫీసులకు వెళ్ళేవారు ఈ తేడా తెలుసుకుని వెళ్ళడం మంచిది.

మన రాష్ట్రాల్లో చట్టం రాసేవారు నన్ను అడిగితే అన్నిటికన్నా ముందు ఒక్క నిబంధన కోరుతాను. డబ్బు తీసుకుని ఫైలు తయారుచేసినవాడు ప్రతి కాగితం కింద తన పేరు, తన లైసెన్సు నంబరు రాసి సంతకం చేయాలి. మన ఇంటి ప్లాను గీసిన ఇంజనీరు సంతకం లేకుండా కార్పొరేషన్ ప్లాను తీసుకోదు, దస్తావేజు రాసిన లేఖరి పేరు దస్తావేజు చివర ఉంటుంది. ఒక కుటుంబం దేశం మారే కాగితాల మీద, వాటిని రాసినవాడి పేరు ఎందుకు ఉండకూడదు? ఆ తర్వాతే నగదు నిషేధం, అసలు పత్రాలు పట్టి ఉంచుకోవడం మీద శిక్ష, లాగిన్ వివరాలు అభ్యర్థి చేతిలోనే ఉండాలన్న నియమం. శిక్ష కూడా బరువుగా ఉండాలి. 1983 చట్టం రాసినప్పుడు లైసెన్సు లేని ఏజెంటుకు జైలుతో పాటు పెట్టిన జరిమానా 2,000 రూపాయల వరకు. ఒక్క కుటుంబం దగ్గర లక్షలు తీసుకునేవారికి ఆ అంకె భయం కలిగించదు.

చట్టం వచ్చేదాకా మీరు ఆగలేరు కనుక, ఇక మీరు చేయవలసిన పనుల సంగతికి వస్తాను. మొదట పాస్‌పోర్టులు. పాస్‌పోర్టు చట్టం, 1967 ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. బాకీ ఉందని, ఫైలు నడుస్తోందని చెప్పి దాన్ని పట్టి ఉంచుకునే హక్కు ఏ ప్రైవేటు ఆఫీసుకూ లేదు. మీరిద్దరూ కలిసి వెళ్ళి, గొడవ పడకుండా, "బ్యాంకు పనికి కావాలి" అని కూడా చెప్పకుండా, సూటిగా "మా పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు ఇవ్వండి" అని అడగండి. ఆ అడిగిన విషయాన్నే అదే రోజు వాట్సాప్‌లోనూ, మీ సొంత ఈమెయిలు నుంచీ రాసి పంపండి. ఈమెయిలు పాస్‌వర్డు, ప్రొఫైలు నంబరు కూడా అందులోనే అడగండి. వారి అబద్ధపు లెటరును మీరు ఒప్పుకోవడం లేదని, దాన్ని మీ పేరుతో ఎక్కడా వాడకూడదని ఒక వాక్యం తప్పక చేర్చండి. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే, మీరు ఆపమన్నారనడానికి సాక్ష్యం ఆ ఒక్క వాక్యమే. లాగిన్ చేతికి రాగానే ప్రొఫైలులో అనుభవం ఎన్నేళ్ళని రాశారో మీ కళ్ళతో చూడండి. తప్పుంటే వెనక్కి తీసుకోండి.

ఇవ్వకపోతే రెండు దారులు ఉన్నాయి, రెండూ ఒకేసారి నడవవచ్చు. మోసం, నమ్మకద్రోహం నేరాలు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత కిందికి వచ్చాయి. మోసం చేసి ఆస్తి రాబట్టడాన్ని అందులోని 318వ సెక్షను 7 ఏళ్ళ వరకు జైలు పడే నేరంగా చూస్తుంది. మీ పరిధిలోని పోలీసు స్టేషనులో గానీ, వేపేరిలోని కమిషనర్ కార్యాలయంలో ఉన్న సెంట్రల్ క్రైమ్ బ్రాంచికి గానీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. తమిళంలో రాయలేమని జంకకండి, ఇంగ్లీషులో రాసినా తీసుకుంటారు. రెండో దారి వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు రుసుము లేదు. లోపం జరిగిన నాటి నుంచి రెండేళ్ళలో వేయాలి. "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన సేవలో లోపం మాసిపోదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్ని ఆఫీసులు అక్కడికే దిగివస్తాయి. నగదుగా ఇచ్చిన 1,80,000కు రుజువు ఎలా అని మీకు అనుమానం వస్తుంది. డబ్బు ఇచ్చిన రోజుల్లో బ్యాంకు నుంచి తీసిన వివరాలు, ఆ రోజు జరిగిన వాట్సాప్ సంభాషణ, "అందింది" అన్న ఒక్క ముక్క దొరికినా పనికొస్తుంది.

కెనడా ఆశ వదులుకోమని నేను చెప్పడం లేదు. మీ అసలు అనుభవంతో మార్కులు ఎన్ని వస్తాయో కెనడా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా లెక్క చూసుకోండి. ఒక సంస్థ ఖాతాలు సరిచూసే మీకు ఆ ఫారాలు కొరకరానివి కావు. మీకన్నా మీవారి అనుభవం ఎక్కువ కనుక, ప్రధాన అభ్యర్థిగా ఆయన పేరు పెడితే ఎలా ఉంటుందో కూడా లెక్క వేసి చూడండి. ఈ ఒక్క సలహా కన్సల్టెన్సీ మీకు ఎందుకు ఇవ్వలేదో నాకు అర్థం కావడం లేదు. ఆయన ఫ్యాక్టరీ ఇచ్చే లెటరులో హోదా, చేసే పనులు, జీతం, వారానికి పని గంటలు, సంతకం పెట్టిన అధికారి వివరాలు ఉండాలి. ఆ లెటరు నిజమైనది కనుక కెనడా నుంచి ఫోను వచ్చినా మీరు ఉలిక్కిపడనక్కరలేదు.

డబ్బు ఇచ్చి సహాయం తీసుకోవాలనుకుంటే, లైసెన్సు ఉన్నవారినే ఎంచుకోండి. మీ కన్సల్టెన్సీలో కూడా గోడ మీద ఒక సర్టిఫికెట్టు వేలాడుతూ ఉండవచ్చు, "మా కెనడా పార్ట్‌నర్ లైసెన్సు" అని చూపించి ఉండవచ్చు. గోడ మీది కాగితాన్ని నమ్మకండి. కెనడా కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైటులో లైసెన్సుదారులందరి పట్టిక అందరికీ తెరిచే ఉంటుంది. అక్కడ పేరు, నంబరు వెతికి, లైసెన్సు ఇంకా అమల్లో ఉందో లేదో చూసి, పట్టికలో ఉన్న చిరునామాకే, ఏజెంటు ఇచ్చిన చిరునామాకు కాదు, మీరే రాసి "ఈ చెన్నై ఆఫీసు మీ తరఫున పనిచేస్తోందా, నా ఫైలుకు మీరు బాధ్యత వహిస్తారా" అని అడగండి. ఒప్పందం ఆ లైసెన్సుదారుతో రాతపూర్వకంగా ఉండాలి. ఐఎంఎం 5476 మీద ఆయన సంతకం చేయాలి. ఈ ఫారం పేరు చెప్పగానే మాట మార్చేవారి దగ్గర ఇంకో నిమిషం కూర్చోకండి.

ఈ ఉత్తరం చేరిన తర్వాత పాస్‌పోర్టులు అడిగినప్పుడు వారు ఏమన్నారో, ప్రొఫైలులో అనుభవం ఎన్నేళ్ళని ఉందో నాకు రాయండి. ఒకవేళ పిలుపు వచ్చి అసలు దరఖాస్తు కూడా మీకు తెలియకుండా వెళ్ళిపోయిందని తేలితే, ఏ అధికారికీ మీరు సొంతంగా సంజాయిషీ రాయకండి. ముందు లైసెన్సు ఉన్న న్యాయవాదికి ఫైలు మొత్తం చూపించండి.